ఆడపిల్లలకే ఎందుకు? రెట్ సిండ్రోమ్ మూలాన్ని వెతికిన దారి

1966లో వియన్నా వైద్య వారపత్రికలో అచ్చయిన ఒక వ్యాసానికి శీర్షికలోనే తప్పు దొర్లింది. రాసినవాడు ఆండ్రియాస్ రెట్ అనే పిల్లల డాక్టరు, భాష జర్మన్. పిల్లల్లో మెదడు క్షీణించే ఒక వింత జబ్బు ఉందని, రక్తంలో అమోనియా పెరగడం దానికి తోడుగా కనిపిస్తోందని ఆ శీర్షిక చెబుతుంది. వ్యాసం వివరించింది 22 మంది ఆడపిల్లల గురించి. అమోనియా సంగతి తర్వాత ఎవరి పరీక్షల్లోనూ నిలబడలేదు. దాని కోసం వెతికినవాళ్లకు అమోనియా దొరకలేదు, జర్మన్ రానివాళ్లకు అసలు వ్యాసమే దొరకలేదు. దాంతో పదిహేనేళ్లకు పైగా అది మూలన పడి ఉంది. ల్యాబులో తేల్చిన ఆ ఒక్క ముక్క తప్పయింది గానీ, రెట్ కంటితో చూసి రాసినదంతా ఇవాళ్టికీ ఒప్పే.

అతను ఈ పిల్లల్ని గమనించడం 1954లో మొదలైంది. క్లినిక్ వెయిటింగ్ రూములో ఇద్దరు తల్లుల ఒళ్లో ఇద్దరు ఆడపిల్లలు. ఇద్దరూ రెండు చేతులూ గుండెల దగ్గరకు తెచ్చుకుని, సబ్బు పెట్టి కడుక్కుంటున్నట్టు ఒకదానితో ఒకటి నలుపుకుంటున్నారు. ఇద్దరిదీ ఒకటే తీరు. పాత కేసు కాగితాలు తిరగేస్తే అలాంటి పిల్లలు ఇంకో ఆరుగురు తేలారు. వాళ్లందరినీ సినిమా కెమెరాతో చిత్రించి, మీ దగ్గరా ఇలాంటి పిల్లలున్నారా అని అడుగుతూ రెట్ ఆ రీళ్లతో యూరప్ తిరిగాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఈ జబ్బు పుట్టగానే బయటపడదు. ఆరు నెలల దాకా, కొందరిలో ఏడాదిన్నర దాకా పాప బాగానే ఎదుగుతున్నట్టు ఉంటుంది. బోర్లాపడుతుంది, కూర్చుంటుంది, అమ్మ, తాత లాంటి మాటలు ఒకటో రెండో వస్తాయి. తర్వాత ఎదుగుదల నెమ్మదిస్తుంది, తల చుట్టుకొలత వయసుకు తగ్గట్టు పెరగదు. ఆపైన కొన్ని వారాల్లోనో నెలల్లోనో వచ్చిన మాటలు పోతాయి. బిస్కెట్ పట్టుకుని తినే చెయ్యి పట్టుకోవడమే మరిచిపోతుంది. అలా పనిలేకుండా పోయిన చేతులే నలుపుడు మొదలుపెడతాయి. పిండటం, తట్టడం, నోట్లో పెట్టుకోవడం, మెలకువగా ఉన్నంతసేపూ ఇదే. వేళ్ల మీద చర్మం ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి. నిద్రపోతే ఆగుతుంది. ఊపిరి కాసేపు గబగబా ఆడుతుంది, కాసేపు బిగబట్టినట్టు ఆగిపోతుంది. నడక వచ్చినా తూలుతుంది, చాలామందికి ఫిట్స్ వస్తాయి, పెద్దయ్యేకొద్దీ వెన్ను వంగుతుంది. ఇన్ని పోయినా చూపు మాత్రం పోదు. కావలసిన మనిషి వైపో వస్తువు వైపో కళ్లతోనే చూపించి అడుగుతారు. పాపకు అన్నీ అర్థమవుతున్నాయని తల్లులు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. డాక్టర్లు నమ్మడానికి చాలా కాలం పట్టింది.

రెట్ గురించి చెప్పేటప్పుడు దాటవేయకూడని సంగతి ఇంకొకటి ఉంది. అతను పనిచేసిన నగరంలోనే, నాజీల కాలంలో, ష్పీగెల్‌గ్రుండ్ అనే పిల్లల ఆసుపత్రిలో వైకల్యం ఉన్న పిల్లల్ని వందల సంఖ్యలో చంపారు. అక్కడ పనిచేసిన హైన్రిక్ గ్రాస్ అనే డాక్టరు ఆ పిల్లల మెదళ్లను సీసాల్లో దాచి, యుద్ధం తర్వాత కూడా వాటిమీద పరిశోధన సాగించాడు. రెట్ యువకుడిగా నాజీ పార్టీలో ఉన్నాడని, తర్వాత గ్రాస్‌తో కలిసి పరిశోధన వ్యాసాలు రాశాడని చరిత్రకారులు తేల్చారు. అదే మనిషి యుద్ధానంతర వియన్నాలో, సమాజం వద్దనుకున్న ఈ పిల్లలకు వైద్యమూ చదువూ ఆటపాటలూ ఉండాలని జీవితమంతా పోరాడాడు. రెండోది చెప్పి మొదటిది మింగేయడం చాలాకాలం నడిచింది. రెండూ పక్కపక్కన పెట్టి చూడటమే న్యాయమని నేననుకుంటాను.

వ్యాసం మూలన పడి ఉన్న కాలంలోనే స్వీడన్‌లో బెంగ్ట్ హాగ్‌బర్గ్ అనే పిల్లల నాడీవైద్యుడు 1960 నుంచి అచ్చం ఇలాంటి ఆడపిల్లల్నే చూస్తున్నాడు. ఓపిగ్గా రాసిపెట్టుకున్నాడు. ఫ్రాన్స్‌లో ఐకార్డీ, పోర్చుగల్‌లో డయాస్, రామోస్ తమ దగ్గరున్న పిల్లలూ ఇలాగే ఉన్నారని గుర్తించారు. అంతా కలిసి 35 మంది ఆడపిల్లల వివరాలతో 1983లో యానల్స్ ఆఫ్ న్యూరాలజీలో ఇంగ్లిష్‌లో వ్యాసం వేశారు. తనకంటే ముందే ఒకాయన ఈ జబ్బును చూసి రాశాడని ఆలోపే హాగ్‌బర్గ్‌కు తెలిసింది. రెండు దశాబ్దాల సొంత కష్టం చేతిలో ఉన్నా జబ్బుకు రెట్ పేరే పెట్టాడు. వైద్యచరిత్రలో ఇలాంటి పెద్దమనసు అరుదు.

ఆ వ్యాసం ఇంగ్లిష్‌లో రావడంతో ప్రపంచమంతా ఒక్కసారి కళ్లు తెరిచింది. ఎక్కడ చూసినా ఈ పిల్లలున్నారు. ఆటిజం అనో, సెరిబ్రల్ పాల్సీ అనో, కారణం తెలియని మందబుద్ధి అనో ముద్రపడి ఉన్నారు, అంతే. పుట్టిన ఆడపిల్లల్లో సుమారు 10,000 మందిలో ఒకరికి ఈ జబ్బు ఉంటుందని తర్వాత లెక్క తేలింది. హాగ్‌బర్గ్, విట్-ఎంగెర్‌స్ట్రోమ్ కలిసి 1986లో జబ్బు నడకను నాలుగు దశలుగా విడదీశారు. అమెరికన్ మానసిక వైద్యుల వర్గీకరణ గ్రంథం 1994లో దీన్ని ఆటిజం వరసలో చేర్చి, 2013లో తీసేసింది. అప్పటికి అసలు కారణం తెలిసిపోయింది మరి.

1983 వ్యాసం తేల్చిన వాటికంటే మిగిల్చిన ప్రశ్న పెద్దది: 35 మందీ ఆడపిల్లలే ఎందుకు?

జన్యుశాస్త్రం చదివినవాళ్లకు వెంటనే తట్టే జవాబు ఎక్స్ క్రోమోజోమ్. ఆడపిల్లకు రెండు ఎక్స్‌లు, మగపిల్లాడికి ఒక ఎక్స్, ఒక వై. ఎక్స్ మీద ఏదో జన్యువు దెబ్బతింటే, ఇంకో ఎక్స్ అండ ఉంది కాబట్టి ఆడపిల్ల బతికి బట్టకడుతుంది, మగబిడ్డ కడుపులోనే పోతాడు. అందుకే మగపిల్లలు కనిపించడం లేదన్నది వాదన. 1961లో ఇంగ్లండ్‌లో మేరీ లయన్ ప్రతిపాదించిన సూత్రం దీనికి జతపడింది. క్షీరదాల్లో ఆడజీవుల ప్రతి కణంలోనూ రెండు ఎక్స్‌లలో ఒకటి నిద్రపోతుంది. ఏది నిద్రపోవాలన్నది పిండం తొలి రోజుల్లోనే కణం కణానికీ ఎటుపడితే అటు తేలిపోతుంది. ఆ లెక్కన ఈ పిల్లల మెదడులో మంచి జన్యువు పనిచేసే కణాలు, చెడిన జన్యువు పనిచేసే కణాలు కలగలిసి ఉంటాయి. వాదన చక్కగా ఉంది. నిరూపించడానికే దారి లేదు.

దారి లేకపోవడానికి కారణం కుటుంబాలు లేకపోవడం. జన్యువును పట్టుకోవాలంటే ఆ రోజుల్లో ఒకే వంశంలో జబ్బు ఉన్నవాళ్లూ లేనివాళ్లూ కావాలి. తాత, మేనత్త, చెల్లెలు, వాళ్ల పిల్లలు, అందరి రక్తం తీసుకుని, జబ్బుతో పాటు క్రోమోజోమ్‌లోని ఏ ముక్క వంశంలో దిగుతూ వస్తోందో పోల్చి చూడాలి. రెట్ సిండ్రోమ్‌లో నూటికి తొంభైతొమ్మిది పాళ్లు ఇంట్లో ఒక్క పాపకే వస్తుంది. వెనకా ముందూ ఎవరికీ ఉండదు. ఇది జన్యువుల జబ్బేనా అని అనుమానపడ్డవాళ్లు తక్కువేం కాదు.

వాళ్లతో ఏకీభవించనివారిలో హుదా జోగ్బీ ఒకరు. రెట్ వెయిటింగ్ రూములో ఆ ఇద్దరు పాపల్ని చూసిన 1954లోనే ఆమె బీరూట్‌లో పుట్టింది. అక్కడ వైద్యం చదువుతుండగా అంతర్యుద్ధం రావడంతో అమెరికాలో చదువు పూర్తిచేసి, హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాలలో పిల్లల నాడీవైద్యంలో చేరింది. 1983లో, హాగ్‌బర్గ్ వ్యాసం వచ్చిన కొత్తలో, చేతులు నలుపుకునే పాప ఒకరు ఆమె ముందుకొచ్చారు. కొద్ది రోజులకే ఇంకొకరు. చూసిన ఇద్దరూ ఒకరికొకరు నకళ్లలా ఉన్నప్పుడు, ఇంత కచ్చితమైన పోలిక వెనక ఒకే ఒక్క జన్యువు ఉండి తీరాలని ఆమెకు గట్టి నమ్మకం కుదిరింది. రోగుల్ని చూసే పని తగ్గించుకుని ల్యాబులో దిగింది. అదే కాలంలో ఆమె, హ్యారీ ఆర్ కలిసి నడక తూలిపోయే మరో వంశపారంపర్య జబ్బు (ఎస్‌సీఏ1) జన్యువును 1993లో పట్టుకున్నారు. దానికి తరాల తరబడి జబ్బు దిగిన పెద్ద పెద్ద కుటుంబాలు దొరికాయి. రెట్‌కు ఆ అదృష్టం లేదు.

ఉన్న కాసిని కుటుంబాలే బంగారమయ్యాయి. తల్లి ఒకరే, తండ్రులు వేరైన అక్కచెల్లెళ్లు, ఇద్దరికీ జబ్బు. ఇంకోచోట ఒక పాప, ఆమె తల్లి తోబుట్టువు. బ్రెజిల్‌లో ఒక కుటుంబం. జబ్బున్నవాళ్లకు తల్లి వైపు నుంచి ఎక్స్ మీద ఏ ముక్క ఒకేలా వచ్చిందో చూడాలి, ఒకేలా లేని ముక్కల్ని కొట్టేయాలి. కొట్టేస్తూ పోతే 1998 నాటికి ఎక్స్ చిట్టచివరన ఎక్స్‌క్యూ28 అనే చోటు మిగిలింది. అక్కడ కూడా జన్యువులు పదుల్లో ఉన్నాయి. జోగ్బీ ల్యాబులో రూతీ అమీర్ అనే పరిశోధకురాలు వాటిని ఒక్కొక్కటే తీసి, రోగుల్లో అక్షరం మారిందా లేదా అని చదువుతూ పోయింది. ఒకదాని తర్వాత ఒకటి ఏమీ తేలకుండా వెళ్లిపోయాయి.

ఆ వరసలో వచ్చిందే మెక్‌పీ2. ఇది అప్పటికే తెలిసిన జన్యువు, మెదడు జబ్బులతో సంబంధం లేని దారిలో బయటపడింది. డీఎన్‌ఏలో కొన్ని చోట్ల సి అనే అక్షరం మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తు పడుతుంది. ఆ గుర్తును ఏ ప్రొటీన్ చదువుతుందో వెతుకుతూ ఏడ్రియన్ బర్డ్ బృందం 1992లో మెక్‌పీ2 ప్రొటీన్‌ను ప్రకటించింది. ఇది గుర్తున్నచోట అంటుకుని దగ్గర్లోని జన్యువుల నోరు నొక్కుతుంది. దాదాపు ప్రతి కణంలోనూ ఉంటుంది. బర్డ్ ఎడిన్‌బరోలో స్థిరపడకముందు పనిచేసింది, చిత్రంగా, వియన్నాలోనే. ఒళ్లంతా ఉండే ఇలాంటి పనిముట్టు చెడితే ఒక్క మెదడే దెబ్బతింటుందని ఎవరూ ఊహించలేదు.

1999 అక్టోబరులో నేచర్ జెనెటిక్స్‌లో ఫలితం వచ్చింది. ఇంట్లో ఒక్కరికే జబ్బు ఉన్న 21 మంది పిల్లల్లో ఐదుగురికి మెక్‌పీ2లో మార్పు దొరికింది. ఐదుగురి తల్లిదండ్రుల్లోనూ ఆ మార్పు లేదు. 21లో ఐదే కదా అనిపించవచ్చు. జన్యువులో అప్పట్లో చదివింది కొంత భాగమే. ఇవాళ పూర్తిగా చదివితే స్పష్టమైన రెట్ లక్షణాలున్నవారిలో నూటికి 95 మందికి పైగా దొరుకుతుంది. ఆ వ్యాసంలోనే నన్ను ఎక్కువ ఆపేసిన విషయం ఇంకొకటుంది. తండ్రులు వేరైన ఆ అక్కచెల్లెళ్లిద్దరిలోనూ ఒకే మార్పు ఉంది, అంటే తల్లి నుంచే రావాలి. తల్లి రక్తంలో మాత్రం అది లేదు. ఆమె అండాల్లో కొన్నింటిలో మాత్రమే మార్పు ఉందన్నమాట. రక్తపరీక్ష పట్టుకోలేని చోట.

ఇక ఆడపిల్లలకే ఎందుకన్న ప్రశ్నకు అసలు జవాబు వచ్చింది. మార్పు ఎవరి ఎక్స్ మీద పుట్టిందో 2000 తర్వాత పరిశోధకులు వెతికి చూస్తే, ఇంచుమించు అన్ని కేసుల్లోనూ తండ్రి ఎక్స్ మీదే. తండ్రి తన ఎక్స్‌ను కూతురికే ఇస్తాడు, కొడుక్కి వై ఇస్తాడు. మగపిల్లలు కడుపులోనే పోవడం వల్ల కాదు, ఆ చెడిన ఎక్స్ వాళ్లదాకా రానే రాకపోవడం వల్ల ఎక్కువగా కనిపించడం లేదు. ఇరవై ఏళ్లు నమ్మిన వాదన సగం తప్పని తేలింది. తల్లి నుంచి అలాంటి మార్పు దిగిన మగపిల్లలు పుడతారు, బతుకుతారు కూడా. కాకపోతే వాళ్లది మరీ తీవ్రమైన జబ్బు, చాలామంది పసితనంలోనే పోతారు. అది రెట్‌లా కనిపించదు కాబట్టి దాన్ని రెట్ అని ఎవరూ అనుకోలేదు.

తండ్రి వీర్యంలోనే ఎందుకంటే, అక్కడ మిథైల్ గుర్తులు ఎక్కువ, కణవిభజనలూ ఎక్కువ. మిథైల్ గుర్తున్న సి అక్షరం తేలిగ్గా టిగా మారిపోతుంది. రెట్‌లో తరచూ కనిపించే ఎనిమిది మార్పులూ ఆ బాపతువే. ఏ గుర్తును చదవడానికి ఈ ప్రొటీన్ ఉందో ఆ గుర్తే దాని జన్యువును చెడగొడుతోంది. ఇంతకంటే వెటకారం ప్రకృతిలో నాకెక్కడా కనబడలేదు.

మన తెలుగునాట ఎదుగుదల ఆగిన బిడ్డను చూపించగానే డాక్టరు అడిగే తొలి ప్రశ్నల్లో "మేనరికమా?" అన్నది ఒకటి. ఆ ప్రశ్నకు అర్థం ఉంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఒకే లోపం వస్తేనే బయటపడే జబ్బులు మేనరికాల్లో ఎక్కువ. రెట్‌కు మాత్రం దానితో పనిలేదు. మేనమామను చేసుకున్నా, సముద్రాల అవతలి మనిషిని చేసుకున్నా లెక్క ఒకటే. "మా వంశంలో ఎవరికీ లేదే" అని అత్తగారు కోడలి వైపు చూడటంలోనూ అర్థం లేదు. ఎవరికీ లేకపోవడమే ఈ జబ్బు లక్షణం. కోడలి వైపు నుంచి రావడమూ అరుదే. అలాగని కొడుకు తప్పూ కాదు, ప్రతి మగవాడి వీర్యంలోనూ ఇలాంటి కొత్త అక్షరదోషాలు పుడుతూనే ఉంటాయి. రెండో బిడ్డకు వచ్చే అవకాశం నూటికి ఒకటి కూడా ఉండదు. కానీ ఆ అక్కచెల్లెళ్ల తల్లిలాంటివాళ్లు ఉంటారు కాబట్టి మళ్లీ గర్భం దాల్చినప్పుడు పిండపరీక్ష చేయించుకోమని జన్యువైద్యులు చెబుతారు. అలా చేయించాలంటే ముందు మొదటి పాపలో ఏ అక్షరం మారిందో తెలిసుండాలి. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ లాంటి సంస్థల్లో జన్యు నిర్ధారణ పరీక్షలు చేస్తున్నారు.

జన్యువు దొరికాక లెక్కలు తేలికవుతాయని అందరూ అనుకున్నారు. ముదిరాయి. మెక్‌పీ2 బాగానే ఉండి రెట్‌లా కనిపించే పిల్లలు కొందరు మిగిలారు. పసితనంలోనే ఫిట్స్ మొదలయ్యే వాళ్లలో సీడీకేఎల్5 జన్యువు చెడిందని 2004 ప్రాంతంలో, పుట్టినప్పటి నుంచే ఎదగని వాళ్లలో ఫాక్స్‌జీ1 అని 2008లో తేలింది. వాటిని ఇప్పుడు వేరే జబ్బులుగానే చూస్తున్నారు. 2004లోనే జోగ్బీ బృందం ఎలుకల్లో మెక్‌పీ2ను రెట్టింపు చేసి చూసింది. అవి బాగుపడకపోగా వయసుతో పాటు జబ్బుపడ్డాయి. మరుసటి ఏడాది బెల్జియంలో హిల్డే వాన్ ఎష్ బృందం, ఈ జన్యువు రెండు ప్రతులున్న మగపిల్లల్ని చూపించింది. వాళ్లకు ఎదుగుదల లోపం, మాట రాకపోవడం, మాటిమాటికీ ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్లు. ప్రొటీన్ తక్కువైతే ఒక జబ్బు, ఎక్కువైతే ఇంకో జబ్బు. మెదడుకు ఈ ప్రొటీన్ కొలత తప్పకూడదు.

2007లో ఎడిన్‌బరో నుంచి వచ్చిన ప్రయోగం ఈ చరిత్రనంతా మలుపు తిప్పింది. బర్డ్ బృందంలో జాకీ గై ఎలుకల మెక్‌పీ2 జన్యువు మధ్యలో ఒక అడ్డుకట్ట పెట్టింది. టమోక్సిఫెన్ మందు ఇస్తే ఆ అడ్డు తొలగిపోయేలా ఏర్పాటు చేసింది. ఎలుకలు పెరిగి, జబ్బు బాగా ముదిరి, వణుకుతూ, ఊపిరి తడబడుతూ చావుకు దగ్గరైనప్పుడు మందు ఇచ్చారు. ఒక్కసారిగా ఇచ్చినప్పుడు కొన్ని చచ్చిపోయాయి. మెల్లమెల్లగా ఇచ్చినవి మాత్రం కోలుకున్నాయి. లేచి తిరిగాయి, ఊపిరి సర్దుకుంది. మెదడులో నాడీకణాలు చనిపోలేదని, చిక్కిపోయి కొమ్మలు తగ్గి ఉన్నాయంతేనని శవపరీక్షల్లో అంతకుముందే చూశారు. ఆ పరిశీలన ఎంత విలువైనదో అప్పుడు తెలిసింది. రెట్ పెట్టిన పేరులో మెదడు క్షీణత అన్న మాటకు కూడా అర్థం మార్చుకోవాల్సి వచ్చింది.

అక్కడి నుంచి మనుషుల దాకా రావడానికి పదహారేళ్లు పట్టింది, వచ్చిందీ వేరే దారిలో. 2023 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ట్రోఫినెటైడ్ అనే మందుకు అనుమతి ఇచ్చింది. రెట్‌కు అదే మొదటి మందు. అది జన్యువు జోలికి పోదు. ఐజీఎఫ్-1 అనే ఎదుగుదల పదార్థం చివరనుండే మూడు అమైనో ఆమ్లాల ముక్కను పోలిన ద్రవం. లక్షణాలు కొంత తగ్గుతాయి, విరేచనాలు మాత్రం ఎక్కువ మందిని వేధిస్తాయి. పాపకు మందు ఇస్తూ బట్టలు మార్చడంతోనే రోజు గడిచిపోతుంటే, కొంత మెరుగు అన్నది ఎంత మెరుగో ఇంట్లోవాళ్లే తేల్చుకోవాలి.

నేరుగా జన్యువునే అందించే ప్రయత్నం కూడా 2023లోనే మొదలైంది. హాని చేయని ఒక వైరస్‌లో మెక్‌పీ2ను పెట్టి పిల్లలకు ఎక్కిస్తున్నారు. అందులోని చిక్కు పాతదే. పాప మెదడులో సగం కణాల్లో మంచి ప్రొటీన్ ఇప్పటికే ఉంది. వైరస్ ఆ కణాల్లోకీ దూరి మళ్లీ అదే పోస్తుంది. సగం కణాలకు వైద్యం చేస్తూ మిగతా సగానికి రెండు ప్రతులున్న ఆ మగపిల్లల జబ్బు అంటగట్టే ప్రమాదం ఉంది. అందుకని టైషా అనే కంపెనీ, న్యూరోజీన్ అనే ఇంకో కంపెనీ తమ జన్యువులకు ప్రొటీన్ మితి మీరితే దానంతటదే తగ్గిపోయే కళ్లేలు వేర్వేరు పద్ధతుల్లో తగిలించాయి. 2024 నవంబరులో న్యూరోజీన్ ప్రయోగంలో ఎక్కువ మోతాదు తీసుకున్న ఒక రోగి, వైరస్ మీద ఒళ్లు తిరగబడటంతో చనిపోయారు. అక్కడ కళ్లెం వేయాల్సింది ప్రొటీన్‌కు మాత్రమే కాదని తెలిసింది. ఆ కంపెనీ ఎక్కువ మోతాదును మానేసి తక్కువ మోతాదుతోనే ముందుకు సాగింది.